వాళ్ళు డబ్బున్నవాళ్ళే కదా బాబాయ్!

మా అన్నయ్యవాళ్ళు డాలస్ పక్కన ప్లానోలో ఉంటారు. మొన్న వేసవి సెలవుల్లో కారేసుకుని పైకి వెళ్తూ ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఒక పూట ఆగారు. అక్కడ గ్రీన్‌వుడ్ అనే పేట ఉంది. ఆ వీధి ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే కాళ్ళ కింద చిన్న చిన్న లోహపు పలకలు కనిపిస్తాయి, నేలలోకే బిగించి. ఒక్కో పలక మీద ఒకప్పుడు సరిగ్గా అక్కడే ఉన్న దుకాణం పేరు, దాని కింద '1921లో ధ్వంసమైంది' అని, దానికింద 'మళ్ళీ తెరిచారు' అనో 'మళ్ళీ తెరవలేదు' అనో ఉంటుంది. మా అన్న కూతురికి పదకొండేళ్ళు. ఆ పలకలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకుంది, వాళ్ళ నాన్నని అడిగితే 'అప్పట్లో ఏవో గొడవలు జరిగాయిలే' అన్నాడట, ఆదివారం వీడియో కాల్‌లో నన్ను పట్టుకుంది. మొత్తం విన్నాక తను అడిగిన ప్రశ్న ఇది: "వాళ్ళు డబ్బున్నవాళ్ళే కదా బాబాయ్, మరెందుకు కాపాడుకోలేకపోయారు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. రాకపోవడానికి కారణం చరిత్ర తెలియక కాదు. మనం పిల్లలకి పుట్టినప్పటినుంచీ నూరిపోసేది ఒక్కటే మాట కదా: బాగా చదువుకో, నాలుగు డబ్బులు సంపాదించుకో, ఇల్లు కట్టుకో, అప్పుడు నిన్నెవడూ ఏమీ అనడు. టల్సా కథ, అంటే 1921లో ఆ నల్లజాతివాళ్ళ పేటని తెల్లవాళ్ళు దోచుకుని తగలబెట్టిన కథ, ఈ మాటని అడ్డంగా కొట్టేస్తుంది. చదువుకున్నారు, సంపాదించారు, కట్టుకున్నారు, ఒక్క రాత్రి తిరిగేసరికి బూడిదైంది. ఈ కథ పిల్లలకి చెప్పడంలో కష్టం రక్తపాతం గురించే అని అందరూ అనుకుంటారు గానీ, నా మటుకు అసలు కష్టం ఇక్కడుంది.

అందుకే మంట దగ్గర మొదలుపెట్టకూడదు. ముందు ఊరు చూపించాలి.

1905లో టల్సా దగ్గర పెద్ద చమురు క్షేత్రం బయటపడింది, ఊళ్ళోకి డబ్బు వరదలా వచ్చింది. 1906లో ఓ. డబ్ల్యు. గర్లీ అనే నల్లజాతి వ్యాపారి రైలుపట్టాలకి ఉత్తరాన సుమారు 40 ఎకరాలు కొని, ఆ స్థలాలు నల్లవాళ్ళకే అమ్మడం మొదలుపెట్టాడు. అక్కడే జె. బి. స్ట్రాడ్‌ఫర్డ్ 54 గదుల హోటల్ కట్టాడు. జాన్, లూలా విలియమ్స్ అని భార్యాభర్తలు, వాళ్ళకి గ్యారేజీ, మిఠాయి కొట్టు, డ్రీమ్‌ల్యాండ్ అనే సినిమా హాలు. పేరున్న సర్జన్ డాక్టర్ ఏ. సి. జాక్సన్. టల్సా స్టార్ పేపర్ నడిపే ఏ. జె. స్మిథర్‌మన్. 1921 నాటికి దాదాపు పదివేలమంది ఉండే పేట. దాన్నే తర్వాత 'బ్లాక్ వాల్‌స్ట్రీట్' అన్నారు. ఈ పేరు వింటే పిల్లలు ఆకాశహర్మ్యాలు, స్టాక్ మార్కెట్ ఊహించుకుంటారు. అలాంటిదేమీ లేదు. మంగలి షాపులు, దర్జీ షాపులు, కిరాణా కొట్లు, చర్చిలు, లాయర్ల ఆఫీసులు, మన బజారు వీధి లాగే. పైగా ఆ పేటలో ఎక్కువమంది ధనవంతులేం కాదు, పొద్దున్నే పట్టాలు దాటి తెల్లవాళ్ళ ఇళ్ళలో వంటపని, బట్టలుతుకుడు, డ్రైవర్ పని చేసి వచ్చేవాళ్ళే. అక్కడ సంపాదించిన డబ్బు ఇక్కడికొచ్చి ఖర్చుపెట్టేవాళ్ళు, ఎందుకంటే అవతల హోటళ్ళు, చాలా దుకాణాలు వీళ్ళని రానివ్వవు. ఓక్లహోమా 1907లో రాష్ట్రంగా ఏర్పడగానే కొత్త శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టం ఏమిటో తెలుసా? రైళ్ళలో నల్లవాళ్ళకి వేరే పెట్టెలు. 1915లో ఇంకో అడుగు ముందుకేసి టెలిఫోన్ బూత్‌లు కూడా వేరు చేశారు. మా పిల్ల ఈ ముక్క దగ్గర పగలబడి నవ్వింది, "ఫోన్‌కి ఏం తెలుస్తుంది బాబాయ్ ఎవరు మాట్లాడుతున్నారో" అని. నవ్వనివ్వండి, పదకొండేళ్ళ పిల్లకి వివక్ష ఎంత తెలివితక్కువదో ఆ నవ్వులోనే అర్థమవుతుంది.

ఇక జరిగింది. 1921 మే 30, సోమవారం, సెలవు రోజు. బూట్లు పాలిష్ చేసే డిక్ రోలండ్ అనే 19 ఏళ్ళ కుర్రాడు డ్రెక్సెల్ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎక్కాడు, ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళని వెళ్ళనిచ్చే బాత్‌రూమ్ ఆ బిల్డింగ్ పై అంతస్తులో ఉండేది కాబట్టి. లిఫ్ట్ నడిపే అమ్మాయి సారా పేజ్, 17 ఏళ్ళది, తెల్లమ్మాయి. కాలు తొక్కాడో, తూలిపడబోతూ చెయ్యి పట్టుకున్నాడో, ఆ అమ్మాయి కేకేసింది. మర్నాడు పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు. మధ్యాహ్నం టల్సా ట్రిబ్యూన్ పత్రిక అమ్మాయి మీద దాడి చేసిన నీగ్రో అరెస్ట్ అన్నట్టుగా మొదటి పేజీలో అచ్చేసింది. సాయంత్రానికి కోర్టు బయట గుంపు, రాత్రయ్యేసరికి వేలల్లో.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దీన్ని దాటేసి చెప్పేవాళ్ళే ఎక్కువ. ఆ రాత్రి గ్రీన్‌వుడ్ నుంచి ఓ 75 మంది నల్లవాళ్ళు తుపాకులతో కోర్టు దగ్గరికి వచ్చారు. చురుకైన పిల్లలైతే వెంటనే పట్టుకుంటారు, "అంటే వాళ్ళూ గొడవకి వచ్చారు కదా" అని. అప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. సరిగ్గా తొమ్మిది నెలల ముందు, 1920 ఆగస్టులో, అదే కోర్టు జైల్లోంచి రాయ్ బెల్టన్ అనే తెల్ల కుర్రాడిని గుంపు లాక్కెళ్ళి ఉరేసింది. పోలీసులు ఆపకపోగా అక్కడ ట్రాఫిక్ చూసుకున్నారు. తెల్లవాడికే దిక్కు లేని జైల్లో నల్లవాడి గతేంటి? కోర్టుకొచ్చినవాళ్ళలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి వచ్చినవాళ్ళు. జైలుకి కాపలా కాయడానికి సాయం చేస్తామని షెరీఫ్‌ని అడిగారు, ఆయన అక్కర్లేదన్నాడు. తిరిగి వెళ్తుంటే ఒక తెల్లవాడు వీళ్ళలో ఒకరి చేతిలో తుపాకి లాక్కోబోయాడు, అది పేలింది. రాత్రి పది గంటలప్పుడు.

అక్కడినుంచి గుంపు పని అనడానికి లేదు. పోలీసు శాఖ ఆ గుంపులోంచే వందలమంది తెల్లవాళ్ళని అప్పటికప్పుడు స్పెషల్ డెప్యూటీలుగా మార్చి బ్యాడ్జీలిచ్చింది, కొందరికి తుపాకులూ ఇచ్చింది. జూన్ 1 తెల్లవారుజామున పట్టాలు దాటి గ్రీన్‌వుడ్ మీద పడ్డారు. ముందు దోచుకున్నారు, తర్వాత నిప్పుపెట్టారు. పైన విమానాలు తిరిగాయని, వాటిలోంచి కాల్చారని, మండేవి పడేశారని కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారు. డాక్టర్ జాక్సన్ చేతులెత్తి తన ఇంట్లోంచి బయటికొస్తే కాల్చేశారు. మధ్యాహ్నానికి సుమారు 35 బ్లాకులు మట్టిలో కలిశాయి. రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం కాలిన ఇళ్ళు 1,256. అధికారికంగా చనిపోయినవాళ్ళు 36 మంది అన్నారు, చరిత్రకారుల అంచనా 300 దాకా వెళ్తుంది. బతికినవాళ్ళలో సుమారు 6,000 మందిని కన్వెన్షన్ హాల్లో, బేస్‌బాల్ మైదానంలో, ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో పెట్టారు. ఎవరైనా తెల్ల యజమాని వచ్చి 'వీడు మావాడే' అంటేనే బయటికి, అదీ పచ్చ కార్డు తగిలించుకుని.

సరే, మా పిల్ల ప్రశ్నకొద్దాం. డబ్బున్నా ఎందుకు కాపాడుకోలేకపోయారు? నేను చెప్పింది ఇది. "నాన్నా, డబ్బుతో ఇల్లు కొనొచ్చు. ఆ ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి వచ్చేవాడు, నిప్పు పెట్టినవాడిని పట్టుకునేవాడు, కేసు వినేవాడు, నష్టం కట్టిచ్చేవాడు, జరిగింది జరిగినట్టు పేపర్లో రాసేవాడు, వీళ్ళంతా నీ వైపు లేకపోతే ఆ ఇల్లు గాల్లో ఉన్నట్టే." గ్రీన్‌వుడ్‌లో ఒక్కొక్కటే చూడండి. పోలీసులు బ్యాడ్జీలు పంచారు. గ్రాండ్ జ్యూరీ, అంటే ఎవరి మీద కేసు పెట్టాలో తేల్చే పౌరుల బృందం, కొద్ది వారాల్లోనే తప్పంతా తుపాకులతో వచ్చిన నల్లవాళ్ళదే అని తేల్చింది. హోటల్ పోగొట్టుకున్న స్ట్రాడ్‌ఫర్డ్ మీదే గొడవలు రెచ్చగొట్టాడని కేసు పెడితే ఆయన పారిపోయి షికాగో చేరాడు, ఆ కేసు ఎత్తేసింది 1996లో. హత్యలకి గానీ దహనాలకి గానీ ఒక్కరికీ శిక్ష పడలేదు. నగరపాలక సంస్థ కాలిన చోట కట్టాలంటే ఇకనుంచి మంటలకి తట్టుకునే సామగ్రితోనే కట్టాలని వారం తిరక్కుండానే నిబంధన తెచ్చింది, ఆ ఖర్చు భరించలేక స్థలాలు అమ్ముకుని పోతారని ఆశ. బి. సి. ఫ్రాంక్లిన్ అనే లాయరు ఒక గుడారంలోనే ఆఫీసు పెట్టుకుని దాని మీద కేసు వేసి కొట్టించాడు, ఈ ఒక్కటి పిల్లలకి తప్పకుండా చెప్పాలి, లేకపోతే కథంతా దెబ్బలు తిన్నవాళ్ళ కథే అయిపోతుంది.

ఇన్సూరెన్స్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు అందులోనే ఉంది. పాలసీల్లో అల్లర్ల వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వం అనే షరతు ఉండేది. కాబట్టి జరిగినదాన్ని 'అల్లర్లు' అన్నంతకాలం కంపెనీలు పైసా కట్టక్కర్లేదు. గ్రీన్‌వుడ్‌లో రెండు భవనాలున్న రెడ్‌ఫెర్న్ అనే తెల్ల యజమాని కూడా కోర్టుకెళ్ళాడు, 1926లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ షరతు చూపించే ఆయన కేసు కొట్టేసింది. నగరానికి పెట్టుకున్న అర్జీలన్నీ తిరస్కరించారు, ఒక్క తెల్ల వ్యాపారికి మాత్రం ఇచ్చారు, తన తాకట్టు దుకాణంలోంచి పోయిన తుపాకులకి. (ఇది చదివిన రోజు నేను కాసేపు లేచి తిరిగాను.)

పేరు మార్చడానికి ఎంతకాలం పట్టిందో చూడండి, 1997లో రాష్ట్రం వేసిన విచారణ సంఘం పేరులో కూడా 'అల్లర్లు' అనే ఉంది. ఆ సంఘం 2001లో నివేదిక ఇచ్చింది. 'మారణకాండ' అనే మాట అధికారిక నోళ్ళలోకి వచ్చింది ఈమధ్యే.

తెలుగులో చెప్పేటప్పుడు మనకింకో సౌకర్యం ఉంది, అదే మన ప్రమాదం. 'గొడవలు జరిగాయి', 'ఇళ్ళు కాలిపోయాయి', 'చాలామంది చనిపోయారు'. ఎంత సులువుగా వచ్చేస్తాయో చూడండి, చేసినవాడు వాక్యంలో ఎక్కడా కనపడడు. 'కాలిపోయాయి' అంటే సిలిండర్ పేలినా కాలిపోతాయి. 'కాల్చేశారు' అంటే వెంటనే పిల్లలు 'ఎవరు?' అంటారు. ఆ 'ఎవరు' అనే ప్రశ్న రావాలి. మా అన్నయ్య ఫుట్‌పాత్ మీద చెప్పిన జవాబులో తప్పు సమాచారం ఏదీ లేదు, క్రియాపదమే తప్పు.

ఆ 'ఎవరు'కి జవాబు 'తెల్లవాళ్ళు' అని మాత్రం వదిలేయొద్దు. అది పిల్లలకి తరగతిలో పక్కన కూర్చున్న పిల్లాడిలా వినిపిస్తుంది. పోలీసు అధికారులు, పేపరు సంపాదకుడు, నగర కమిషనర్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, బ్యాడ్జీ పెట్టుకుని దివిటీ పట్టుకెళ్ళినవాళ్ళు, ఇలా పని పేరుతో చెప్పాలి. అప్పుడు రంగుని నిందించినట్టూ ఉండదు, ఎవరినీ వదిలేసినట్టూ ఉండదు.

ఎంత చెప్పాలి అనేది వయసుని బట్టి. దీనికి నాకు దొరికిన మంచి దారి ఒలీవియా హుకర్. ఆ రోజు ఆమెకి ఆరేళ్ళు. దివిటీలు పట్టుకుని మనుషులు ఇంట్లోకి వస్తుంటే వాళ్ళమ్మ పిల్లల్ని భోజనాల బల్ల కింద దాచి, పెద్ద గుడ్డ కప్పి, చప్పుడు చేయొద్దంది. వచ్చినవాళ్ళు అక్క పియానోని గొడ్డలితో నరికారు. వాళ్ళ అమ్మమ్మ బొమ్మకి కుట్టిన బట్టలు ఉతికి ఆరేసి ఉంటే వాటినీ కాల్చేశారు. ఆరేడేళ్ళ పిల్లలకి ఇది చాలు. బొమ్మ బట్టలు కాల్చేవాడు చెడ్డపని చేస్తున్నాడని వాళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు, ఆ పిల్ల బతికి పెద్దయింది అనే భరోసా కూడా అదే కథలో ఉంది. పదీ పన్నెండేళ్ళకి ఇంకో ముక్క: ఇంటి మీద టపటపా శబ్దం వస్తుంటే హుకర్ వడగళ్ళనుకుంది, వాళ్ళమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గుట్ట మీద పెట్టిన మరతుపాకి చూపించింది. దాని మీద అమెరికా జెండా ఉంది. కాలుస్తున్నది మన దేశమే అని చెప్పింది ఆ తల్లి. రోజూ స్కూల్లో గుండె మీద చెయ్యేసుకుని జెండాకి ప్రతిజ్ఞ చేసే పిల్లకి ఈ మాట ఎంత బరువో ఊహించండి, అందుకే దీనితో పాటే మిగతాదీ చెప్పాలి. ఆ ఒలీవియా హుకరే 1945లో అమెరికా కోస్ట్‌గార్డ్‌లో చేరిన మొదటి నల్లజాతి మహిళ అయింది, తర్వాత సైకాలజీ ప్రొఫెసరైంది, 103 ఏళ్ళు బతికి 2018లో పోయింది. ఇంక హైస్కూలు పిల్లలకి దాచాల్సిందేమీ లేదు. కాలుతున్న గ్రీన్‌వుడ్‌ని, శవాల్ని ఫోటోలు తీసి పోస్టుకార్డులుగా అచ్చేసి అమ్మారు. అదీ చెప్పాలి. కొన్నవాళ్ళు దాని వెనక ఏం రాసి ఎవరికి పంపి ఉంటారు అని అడగండి, ఆ తర్వాత మీరు మాట్లాడక్కర్లేదు.

స్కూల్లో చెబుతారుగా, మనకెందుకు అంటారా? టల్సాలోనే పుట్టి పెరిగి, అక్కడే చదువుకుని, పెద్దయ్యేదాకా ఈ మాట వినని తరాలున్నాయి. ట్రిబ్యూన్ పాత సంచికల్ని మైక్రోఫిల్మ్ చేసేలోపే ఆ రోజు మొదటి పేజీలోంచి ఆ వార్త ఎవరో చింపేశారు. ఇప్పుడు ఓక్లహోమా పాఠ్య ప్రమాణాల్లో ఈ పాఠం ఉంది. కానీ సరిగ్గా నూరేళ్ళు నిండబోతున్న 2021 మే నెలలోనే ఆ రాష్ట్ర గవర్నర్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. జాతి కారణంగా ఏ విద్యార్థీ అపరాధ భావం, అసౌకర్యం, వేదన అనుభవించాలి అనే భావన పాఠంలో ఉండకూడదు అంటుంది అందులో ఒక వాక్యం. పాఠ్య ప్రమాణాల్లో ఉన్నవి చెప్పుకోవచ్చని అదే చట్టం అంటుంది. కాగితం మీద టల్సా పాఠానికి అడ్డేమీ లేదు. ఆచరణలో టీచర్‌కి టెన్షన్: తరగతిలో ఒక పిల్లాడు ఏడ్చి ఇంటికెళ్తే? చట్టం మీద కోర్టులో కేసు పడింది, 2024లో ఫెడరల్ జడ్జి కొన్ని భాగాల్ని ఆపాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 'నువ్వు తప్పుచేశావు' అని పిల్లకి అనిపించేలా చెప్పడం చెడ్డ బోధన, నిజమే. కానీ బొమ్మ బట్టలు కాల్చారని వింటే బాధ కలగడం పిల్ల ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు, దాన్ని చట్టంతో ఎలా ఆపుతారు?

మనవాళ్ళ ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి కదా. అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు 'అటు వద్దు, నల్లోళ్ళ ఏరియా' అనే మాట పిల్లల ముందే ఎన్నిసార్లు దొర్లుతుందో లెక్కపెట్టండి. వారమంతా ఆ మాట విని, శనివారం మ్యూజియంలో టల్సా చూసిన పిల్ల రెండింటిలో ఏది నమ్ముతుంది? ఇక ఇక్కడ ఉన్నవాళ్ళం, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు రాజుకున్న గొడవ సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు పైకులం అబ్బాయికి తగిలిందని. లిఫ్ట్‌లో కాలు, సినిమా హాల్లో కాలు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. టల్సా గురించి పిల్లలకి గడగడా చెప్పగలిగే నాకు, తెనాలి మీదుగా రైల్లో వెళ్తున్నప్పుడు మా వాడికి చుండూరు స్టేషన్ చూపించి ఏమైనా చెప్పాలని ఒక్కసారీ తోచలేదు. దూరపు కొండలు నునుపు.

టల్సా ఇంకా ముగిసిపోలేదని కూడా పిల్లలకి తెలియాలి. ఓక్‌లాన్ శ్మశానంలో గుర్తుల్లేని సమాధుల్ని తవ్వుతున్నారు, 2024లో డీఎన్ఏ ద్వారా మొదటి వ్యక్తి పేరు తెలిసింది: సి. ఎల్. డేనియల్, మొదటి ప్రపంచ యుద్ధ సైనికుడు. అప్పటికి బతికున్న చివరి బాధితులు నష్టపరిహారం కోసం వేసిన దావాని అదే ఏడాది జూన్‌లో ఓక్లహోమా సుప్రీంకోర్టు కొట్టేసింది. వాళ్ళలో వయొలా ఫ్లెచర్ 2021లో, 107 ఏళ్ళ వయసులో, వాషింగ్టన్ వెళ్ళి కాంగ్రెస్ సభ్యుల ముందు కూర్చుని తనకి ఇంకా ఆ పొగ వాసన వస్తుందని చెప్పింది. అప్పుడామెకి ఏడేళ్ళు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది.

ఇదంతా రెండు ఆదివారాలు పట్టింది మాకు. రెండోసారి కాల్ పెట్టేసే ముందు మా పిల్లకి ఇంకోటి గుర్తొచ్చింది, "బాబాయ్, ఆ లిఫ్ట్ అబ్బాయికి ఏమైంది?" అంది.

కేసు కొట్టేశారమ్మా అన్నాను. ఆ అమ్మాయే కేసు నడపడం తనకి ఇష్టం లేదని ప్రభుత్వ లాయరుకి ఉత్తరం రాసింది, సెప్టెంబర్‌లో కేసు తీసేశారు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. స్క్రీన్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"మరి ఇళ్ళు?" అంది.